రక్తమా, వక్కా

మూడు విమానాలు మారి
ఆరేళ్ల తర్వాత నేను తెచ్చుకున్నవి
రెండు పెట్టెలు, ఒక స్టెతస్కోపు,
ఇక్కడ ఎవరికీ అర్థంకాని ఒక ప్రశ్న.
"దోందె లె దుఎలె?"
ఎక్కడ నొప్పి?

సియెన్‌ఫుయెగోస్‌లో ఆ ప్రశ్నను
ఎన్ని వందల గుమ్మాల్లో నిలబడి అడిగానో.
చెరకు మిల్లు పొగ కోటుకు పట్టి
ఎంత ఉతికినా వదిలేది కాదు.
కరెంటు పోయేది, రోజూ పోయేది.
కిరోసిన్ దీపం కింద
మణికట్టు ఎముకలు ఎనిమిదింటినీ
నా చేతిమీదే తడిమి తడిమి లెక్కపెట్టుకున్నాను.
ప్రొఫెసర్ మారిసెల్ అనేది,
"ముందు చెయ్యి పట్టుకో.
స్టెతస్కోపు ఎక్కడికీ పారిపోదు."

మొదటి ఏడు కలలన్నీ తేతుంలో వచ్చేవి.
మూడో ఏడు మా అమ్మ కల్లోకొచ్చి
స్పానిష్‌లో తిట్టింది.
లేచి కూర్చుని నవ్వాను.
కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు దిలీ. రెసిడెన్సీ మొదటి నెల.
కేసు షీటు మీద భాషలు
ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుకుంటాయి.
డాక్టర్ అనక్లేతో సురబాయాలో చదివాడు,
ఇండోనేషియన్‌లో రాస్తాడు.
ఫార్మసీ పోర్చుగీసులో బదులిస్తుంది.
నేను స్పానిష్‌లో రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తాను.
రోగి వీటిలో దేనిలోనూ మూలగడు.
"క్యూబా పిల్లలు" అంటారు మమ్మల్ని
డ్యూటీ గదిలో,
సరిగ్గా మాకు వినపడేంత మెల్లగా.

మతెబియన్ కొండల మీంచి
కూరగాయల లారీలో దిగింది అవో తెయొడోరా.
ముప్పై ఆరు కిలోలు.
అందులో ఒంటికి చుట్టుకున్న తైస్ బరువే ఎంతో.
దగ్గింది. గుడ్డలో ఎరుపు.

నా ఆరేళ్ల చదువూ ఒక్కసారి లేచి నిలబడింది.
క్షయ, మాస్కు, కఫం పరీక్ష, వేరే గది.
గబగబా రాసేస్తున్నాను.
చెయ్యి పట్టుకోవడం మరిచాను.
ఆమె గుడ్డని చూసింది, నన్ను చూసింది,
గుహలా నోరు తెరిచి చూపించింది.
ఎర్రటి చిగుళ్లు, ఎర్రటి నాలుక,
సున్నానికి పగిలిన పెదవి మూల.
మకసాయ్‌లో ఏదో అంది.
మనవడు జొవీతో నేలచూపులు చూస్తూ చెప్పాడు,
"వక్క ఎరగని కొంపలో పుట్టిందా ఈ పిల్ల, అంటోంది."

వార్డు వార్డంతా నవ్వింది,
ముక్కున గొట్టమున్న ముసలాయనతో సహా.

విఖేకేలో మా అమ్మమ్మకి
రోజూ వక్క కత్తిరించి ఇచ్చింది ఈ వేళ్లే.
వాకిలి మెట్టు మీద ఆ మరకల్ని కడిగిందీ ఇవే.
ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఎరుపని
నా కళ్లే దాన్ని తుడిచేసుకున్నాయా?

అయినా కఫం పంపాను.
నవ్వు పరీక్ష కాదు కదా.

మూడో రోజు కాగితం వచ్చింది. పాజిటివ్.
వక్కా నిజమే. రక్తమూ నిజమే.
ఒకదాని వెనక ఒకటి నక్కి ఉంది.
డాక్టర్ అనక్లేతో చదివి, కళ్లజోడు తీసి,
ఏమీ అనలేదు. ఆ పూట నాకు టీ పోశాడు.

ఈసారి ముందు చెయ్యి పట్టుకున్నాను.
ఎండుకొబ్బరి చిప్పలా ఉంది.
ఆరు నెలల మందులని చెప్పాను,
జొవీతో ఆ ఆరు నెలల్నీ కొండభాషలోకి మోశాడు.
నొప్పిని మీరేమంటారని అడిగాను.
చెప్పింది. పలికాను. తల అడ్డంగా ఊపింది.
మళ్లీ పలికాను. మళ్లీ ఊపింది.
పక్క మంచం వాళ్లు కూడా నేర్పడం మొదలెట్టారు.

వెళ్లబోతుంటే బుట్టలోంచి ఒక వక్క తీసి
నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.
మాస్కు వెనక నేనేమన్నానో నాకే తెలీదు,
ఏ భాషలో అన్నానో అదీ తెలీదు.

ఆదివారం కోటు నానబెడుతుంటే
బకెట్ అడుగున టక్కుమని తగిలింది.