గురి కుదరడం

మూడు వందల యాభై యూరోలు.
కాఫీ కప్పు కింద నా పర్మిట్ కాగితం,
బల్ల మీద అడ్డంగా రైఫిలు.
తావెత్తి దాన్ని పాత తువ్వాలుతో తుడుస్తూ
అడక్కముందే చెప్పేశాడు:
"వంద మీటర్ల మీద బెత్తెడు ఎడమకి పోతుంది.
నువ్వు బెత్తెడు కుడికి పట్టుకో. అంతే."

అంతే అనడం ఎంత తేలిక ఈ మనిషికి!
ముప్పై నాలుగేళ్ళు కలిసి బతికినవాడు
ఇంటావిడ చెవుడు గురించి చెప్పినట్టు:
కాస్త గట్టిగా పిలవాలి, అంతే.

కూహ్మో దాటాక కంకర తవ్వి వదిలేసిన గుంటలో
అట్టపెట్టె మీద బొగ్గుతో సున్నా చుట్టాం.
సెప్టెంబరు చివరి ఆదివారం,
పగలంతా సాయంత్రంలా ఉండే రోజు.
మొదటిది బెత్తెడు ఎడమకి. మాట తప్పలేదు.
రెండోది జానెడు పైకి.
మూడోది సున్నా నట్టనడుమ,
తనకేమీ తెలియనట్టు.

నేను నడిపే స్కూలు బస్సులో గడియారం
ఏడు నిమిషాలు వెనక.
పిల్లలందరికీ తెలుసు,
ఇంతవరకూ ఒక్కడూ బస్సు తప్పిపోలేదు.
ఎప్పుడూ ఒకే అబద్ధం ఆడేవాటితో
ఎలాగో నెట్టుకురావచ్చు.
నడుమ నడుమ నిజం చెప్పేదాంతోనే
వచ్చిన చిక్కంతా.

నిరుడు అక్టోబరులో తుపాకీ అరువుది.
నేను కొట్టిన మూస్ దుప్పి పడలేదు.
పరిగెత్తనూ లేదు. నడిచింది,
ఏదో మరిచిపోయి వెనక్కి వెళ్తున్నట్టు
పొదల్లోకి నడిచింది.
వాసన పట్టుకుని ముందు మా తుయ్స్కు,
టార్చి పట్టుకుని వెనక నేను,
మోకాలి లోతు చిత్తడి.
నేల మీద ఎర్రగా కనిపించిన ప్రతిదాన్నీ
వంగి వేలితో తాకి చూడడం,
పండా, నెత్తురా అని.
రాత్రి పదకొండు దాటాక దొరికింది.
ఇంకా చూస్తోంది.

ఇది తావెత్తికి చెప్పలేదు.
రెండోసారి జానెడు పైకి పోయిందని మాత్రం అన్నాను.
"ఇటివ్వు" అన్నాడు.
అతని కుడికంటికి పొర. ఆపరేషను డిసెంబరులో.
పెట్టె ఉందని తెలుస్తుందట,
సున్నా మాత్రం కనపడదట.
టోపీ వెనక్కి తోసి, దగ్గడం పూర్తిచేసి,
ఊపిరి బిగబట్టి పేల్చాడు.
నాలుగోది మూడోదాని పక్కనే,
రెండు కన్నాలూ కలిసి ఒకటే చిరుగు.

ఎటు పట్టావని అడిగితే చెప్పలేకపోయాడు.
బుజం చూపించాడు, నవ్వాడు.
దాని వంకా ఇతని వంకా
ఇన్నేళ్ళుగా రాసుకుని రాసుకుని
ఎక్కడో తిన్నగా కలిశాయి.
మూడు వందల యాభైకి తుపాకీ వస్తుంది,
ఆ బుజం రాదు కదా.

మళ్ళీ వంటింటి బల్ల.
దుర్భిణి బిగించిన వెనక మర
స్క్రూడ్రైవరు అక్కర్లేకుండా
నా గోటికే తిరిగింది.
కింద మడిచిన రేకుముక్క,
కాఫీ డబ్బాలోంచి కత్తిరించింది,
నీలం రంగు మీద సగం సగం రెండక్షరాలు.
"ఉర్పో పెట్టాడు" అన్నాడు.
"మా తమ్ముడు. ఆ ఏడే వాడు..."
కుక్కకి నీళ్ళు పెట్టాలని లేచాడు.
గిన్నె నిండుగానే ఉంది.

తిరిగొచ్చి ఆ ముక్కని చొక్కా జేబులో వేసుకుని
బొత్తాం పెట్టుకున్నాడు.
మరలు రెండూ నేనే బిగించాను.

"ఇప్పుడెటు కొడుతుంది?"
"నన్నడుగుతావేం, కెర్తూ?
నాకు తెలిసింది ఇందాకటి తుపాకీ."

కప్పు తీసి చూస్తే
పర్మిట్ మీద గుండ్రంగా మరక,
దాని మధ్యలో నా పేరు.
డబ్బు ఇంకా నా కోటు లోపలే ఉంది.
గురి కుదరాల్సింది ముందు దానికా, నాకా,
అది కూడా తేలలేదు.

తూటాలు ఆరు మిగిలాయి.
వెలుగు ఇంకో గంట.
అట్టపెట్టె అక్కడే వదిలేసి వచ్చాం.
"పద" అన్నాను.
అతను అప్పటికే బూట్లు వెతుక్కుంటున్నాడు.