వొత్తుకి వేరే

కాశీబుగ్గలో, రైల్వే గేటు అవతల,
మేడ మీద రేకుల గది.
స్టూడియో అంటే ఒక పెన్ను,
బ్యాటరీ ఎప్పుడో చచ్చిన ఒక టాబ్లెట్,
తీగ పీకితే ఆరిపోతుంది.

నలభై పేజీల బొమ్మల కథ గీస్తున్నాను.
జీడి బట్టీలో పప్పు ఒలిచే దమయంతి కథ.
ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగింది.

గీతకి లోటు లేదు.
బట్టీ గోడ చివర ఒక చుక్క పెడితే చాలు
బుట్టల వరసంతా చిన్నదవుతూ
మేస్త్రీ కేకేసినట్టు అటే నడుస్తుంది.
రంగు పోసే బకెట్టుకి ఈమధ్య బుద్ధొచ్చింది,
గీతలో సన్నని సందు వదిలినా తనే మూసుకుంటుంది.
మా రేకులకి ఆ తెలివి లేదు,
ముసురు పడితే గిన్నెలు పెట్టాలి.

పొరలు యాభై రెండు.
పొగ ఒక పొర. పొగ వెనక ఆడవాళ్ళు ఒక పొర.
చీకటికి మల్టిప్లై పెట్టాను,
కింద ఉన్నదేదీ చెరగదు
నల్లబడుతుంది, అంతే.

అమ్మ వేళ్ళు ఫొటో తీసి రంగు డ్రాపర్ ముంచాను.
ఒక్కో కణుపు దగ్గర ఒక్కో నలుపు.
జీడి నూనె.
రెండు వేళ్ళతో తెరని తడితే
నా తప్పు వెనక్కి పోతుంది, వంద తప్పుల దాకా పోతుంది.
ఆ రెండు వేళ్ళనే అమ్మ
ఇరవై ఏళ్ళుగా బూడిదతో రుద్దుతోంది.

ఆగింది అక్షరాల దగ్గర.
మాటల బుడగలో దమయంతి "కష్టం" అంది.
సాఫ్ట్‌వేర్ "కష్‌టం" అని రాసుకుంది.
వొత్తు విడిపోయి పక్కన నిలబడింది
రేషను వరసలోంచి తోసేసిన మనిషిలాగ.
ఫాంటు మార్చాను,
తల ఒకచోట, తలకట్టు ఒకచోట.
అప్‌డేట్ చేశాను,
కొత్త బ్రష్షులు రెండొందలు వచ్చాయి
ఒక్క వొత్తూ రాలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు కూర్మయ్య.
బజార్లో సగం షాపుల పేర్లు ఆయన చేతివే.
ఇప్పటికీ గాలివానకి ఫ్లెక్సీ చిరిగితే
కిందినుంచి తొంగిచూస్తాయి.

మోకాలు పట్టుకుని మెట్లెక్కాడు.
పెన్ను తిప్పి తిప్పి చూశాడు.
"దీన్ని దేన్లో ముంచాల?"
"ముంచక్కర్లేదు మావా."
వయసు కదా అని స్టెబిలైజర్ ఎనభైకి పెంచి ఇచ్చాను.
ఒక 'శ' రాసి మొహం చిట్లించాడు.
"ఏటే పిల్లా, గీత నా ఎనకాల నడస్తంది
అప్పిచ్చినోడి నాగ. తీసీ దాన్ని."
తీసేశాను.

గట్టిగా నొక్కితే గీత లావవుతుందని చెప్పబోయాను.
అప్పటికే 'క' పొట్ట నిండుగా, తోక సన్నగా
తెర మీద ఆరుతున్నట్టు ఉంది.
ఆయన దాన్ని ఊదబోయి ఆగాడు.

బొత్తం నొక్కి పేజీని అద్దంలోలా తిప్పి చూపించాను.
కుడి ఎడమైంది. వంకరలన్నీ బయటపడ్డాయి.
కాసేపు మాట్లాడలేదు.
"బోర్డు రాసీసి, రోడ్డు దాటి
ఎర్రన్న సెలూన్లో కూకునీవోణ్ణి.
గెడ్డానికి కాదే.
ఆడి అద్దంలో నా అచ్చరాలు తిరగేసి చూసుకోడానికి.
ఒంకర దొరికితే మల్లీ నిచ్చెనెక్కీవోణ్ణి."
ఎర్రన్న లేడు, సెలూనూ లేదు.
అద్దం మాత్రం నా తెర మూలన
గోరంత బొత్తం.

సాయంత్రానికి పేజీ నిండింది.
దమయంతి "కష్టం" అంది.
టావొత్తు ష కింద
గుమ్మంలో పడుకున్న పిల్లిలాగ
ఉండాల్సిన చోట ఉంది.
ఆ పొరకి 'కూర్మయ్య' అని పేరు పెట్టి తాళం వేశాను,
పొరపాటున నా చెయ్యి తగలకుండా.

అంతలో కరెంటు పోయింది.
"పోనాదా? మొత్తం పోనాదా?"
ఆయన చెయ్యి నల్లటి తెర మీద తడుముతోంది.
"లేదు మావా. అదే దాచుకుంటుంది,
అయిదు నిమిషాలకోసారి."

చీకట్లో ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు.
ముప్పై రెండో పేజీ గురించేమో అనుకున్నాను.
"అచ్చరానికి పది రూపాయలు, పిల్లా," అన్నాడు.
"వొత్తుకి వేరే."