ఎడమ చేతికి అరంగుళం

పెరంబూరు స్టేషను వంతెన దిగితే
జెరాక్సు కొట్టుకీ మందుల షాపుకీ మధ్య
ఆరడుగుల వెడల్పు నా కొట్టు.
ఇరవై రెండేళ్లుగా ఈ పేట ఆడవాళ్ల చాతీ కొలతలు
పొడుగు నోటు పుస్తకాల్లో నా దగ్గరే ఉన్నాయి.
మొగుళ్లకు తెలియని అంకెలు.

ధనకోటి గారిది మూడో పుస్తకం, నలభై ఒకటో పేజీ.
ముప్పై ఆరు. ముప్పై ఏడున్నర.
మనవరాలు పుట్టిన ఏడు ముప్పై తొమ్మిది.
ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఖాళీ.

తిరిగొచ్చినప్పుడు తలకు గళ్ల కండువా,
చేతిలో పాత జాకెట్ల సంచి.
కర్టెన్ లాగి టేపు వేయబోతే
"ఆగు ఇందుమతీ, ఎడమవైపు ఏమీ లేదు" అంది,
చిల్లర లేదు అన్నంత మామూలుగా.

టేపు ఎక్కడ ఆగాలో నా చేతులకి తెలియలేదు.

ఆమే చెప్పింది, స్టూలు మీద, ఫ్యాను కింద.
చింతగింజంత గట్టిది. నొప్పి లేదు.
నొప్పి లేదు కదా అనే ఆరు నెలలు పోనిచ్చింది.
"పన్ను నొప్పి అయితే మర్నాడే పరిగెత్తేదాన్ని."
చివరికి ఒకరోజు, స్నానం చేసి అద్దంలో చూస్తే
ఒక్క పోగు లాగితే గుడ్డంతా ముడుచుకున్నట్టు
చర్మం లోపలికి పోయిందట.

పొద్దున్నే 29సి బస్సు, అడయారులో టోకెన్ల వరస.
సూదితో ముక్క తీస్తామంటే
గుచ్చితే పాకుతుందని ఆడపడుచు ఫోనులో ఏడుపు.
డాక్టరమ్మ నవ్వలేదు, కసురుకోలేదు.
"సూదికి పాకదమ్మా, ఆలస్యానికి పాకుతుంది" అందట.
ముందు మందు ఎక్కించారు, గడ్డ చిన్నదవ్వాలని.
తర్వాత కోత. తర్వాత మూడు వారాలు కరెంటు పెట్టడం.
ఇప్పుడు రోజుకో మాత్ర, కనీసం ఐదేళ్లు.
జుట్టు మొలుస్తోంది,
ఈసారి ఉంగరాలు తిరిగి, ఎవరిదో జుట్టులాగా.

"మార్జిను క్లియర్ అని రాశారు" అని కాగితం చూపించింది.
ఆ మాట నాది కదా!
నేను లోపల గుడ్డ వదిలేది
రేపు ఒళ్లు వస్తే విప్పుకోవడానికి.
వాళ్లు గడ్డతోపాటు చుట్టూ మంచి కండ కూడా తీసేది
మళ్లీ విప్పే పని రాకూడదని.
పొదుపుగా కత్తిరిస్తే
రెండు చోట్లా తంటాయే.

చేతులు కొలిచాను. కుడి పదకొండు.
ఎడమ పదకొండున్నర.
చంకలో గ్రంథులు తీసేశాక నీరు సరిగా దిగదట.
ఆ చేతికి బీపీ పట్టీ వద్దన్నారు, సూది వద్దన్నారు,
నీళ్ల బిందె అసలే వద్దన్నారు.
బిగుతు జాకెట్టు వద్దని ఎవరూ చెప్పలేదు.
అది నేను రాసుకున్నాను, ఎర్ర సిరాతో.

ఎడమవైపు లోపల మెత్తని మల్లు గుడ్డతో జేబు.
అందులో ఏం పెట్టాలి?
దూది తేలిక, చెయ్యెత్తితే జాకెట్టంతా పైకి ఎక్కేస్తుంది.
ఆవాలు చెమటకి కంపు.
మూడోసారికి నూలు అల్లిక, లోపల
ప్యారిస్ కార్నరులో తూచి కొన్న గాజుపూసలు,
మందుల షాపు త్రాసు మీద నూట తొంభై గ్రాములు.
వేసుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది.
ఏడుస్తుందేమోనని నేను బాబిన్ సర్దుతూ కూర్చున్నాను.
"వెనక మెడ ఇంకాస్త దించవే" అంది.

దించాను.

గుడ్డలో ముడి ఉంటే కళ్లకన్నా ముందు
నా వేలికి తెలుస్తుంది.
ఇన్నేళ్లలో ఆ వేలు
నా ఒంటి మీద ఒక్కసారీ పెట్టి చూడలేదు.
నలభై ఆరు నాకు.
మొన్న గురువారం షట్టరు సగం దించి 29సి ఎక్కాను.
రెండు పలకల మధ్య పెట్టి అణిచారు,
ఇస్త్రీకి ముందు మడత నొక్కినట్టు. నొప్పే, నిమిషం.
రిపోర్టుకి సోమవారం రమ్మన్నారు.

ఈలోగా పెళ్లి జాకెట్లు పదకొండు.
కొలతలకి వచ్చిన పిల్లలకి, పెద్దవాళ్లకి
టేపు చుట్టేటప్పుడు మెల్లగా అడుగుతున్నాను,
"ఎప్పుడైనా చూపించుకున్నావా?" అని.
ఒకరిద్దరు కోపంగా చూశారు.
ఒకామె మాత్రం బస్సు నంబరు అడిగింది.

నిన్న రాత్రి నాలుగో పుస్తకం మొదలుపెట్టి
మొదటి పేజీలో నా పేరు రాసుకున్నాను.
అంకె ఇంకా రాయలేదు.