జిరాఫీ మోకాలు

టిక్కెట్ల కిటికీ పక్కన జిరాఫీ.
దాని మోకాలి మీద ఎర్రగీత.
గీత లోపు పిల్లలకి ఉచితం,
దాటితే నూట ఎనభై.

"కాస్త మోకాళ్ళు వంచరా" అన్నాను చెవిలో.
వంచలేదు మా జశ్వంత్.
మునివేళ్ళ మీద లేచాడు,
మెడ సాగదీశాడు,
నిక్కిన జుట్టు కూడా లెక్కలోకి రావాలని
ఊపిరి బిగబట్టాడు.
కిటికీలో అమ్మాయి నవ్వి
"పెద్దోడేనండి, ఆయ్" అంది.
వాడికి అదే బంగారు పతకం.
నాకు, రొయ్యల షెడ్డులో సగం పూట కూలి.
ఐసులో నానీ నానీ
నా వేళ్ళ గీతలు చెరిగిపోయాయి;
లెక్కపెడుతుంటే నోట్లు జారిపోతాయి.

సింహం నోట్లోంచే లోపలికి దారి.
మా అత్త పళ్ళాలమ్మ చెప్పులు విప్పి
దాని కింది పెదవికి దణ్ణం పెట్టింది.
అమ్మవారి వాహనం కదా, తొక్కితే ఎలా!
వెనక జనమంతా ఆగారు.
సంచిలో మినపరొట్టె చూసి
"బయటి తిండి కుదరదండి" అన్నాడు గార్డు.
"తిండి కాదు బాబూ, ప్రసాదం" అంది,
అబద్ధం మీద అరిటాకు సర్ది.
వాడూ ఓ ముక్క కళ్ళకద్దుకుని తిన్నాడు.

అందరి ఎడమ మణికట్టు మీదా
నీలం సిరాతో పులిపంజా గుద్దాడు.
రేషను మిషను గుర్తుపట్టని చేతికి
ఇక్కడ ఓ ముద్ర దొరికింది.

లోపల, ఏనుగు తొండంలోంచి
పిల్లలు జర్రున రాలుతున్నారు.
కంగారూ కడుపు నిండా ఐస్‌క్రీం కాగితాలు.
పొదలో దాచిన స్పీకరు
మూడు నిమిషాలకోసారి గర్జిస్తోంది.
నీటిగుర్రం నెత్తిన కొంగ.
అదీ సిమెంటేననుకుని
మా ఆయన కింద నిలబడి
ఫోటోకి చొక్కా సర్దుకుంటుంటే
రెట్ట వేసి ఎగిరిపోయింది.
ఆయనే ముందు నవ్వాడు.
కౌలు చెరువుకి తెల్లమచ్చ తగిలిన దగ్గర్నుంచీ
మా ఇంట్లో గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నాం.

ఎలుగుబంటి రైలు దగ్గర మళ్ళీ కొలత.
ఎలుగు చెయ్యి చాపి నిలబడింది,
దానికి తల తగిలితేనే ఎక్కనిస్తారు.
జశ్వంత్ తలకీ ఆ చేతికీ మధ్య
నాలుగు వేళ్ళ సందు.
మళ్ళీ మునివేళ్ళు, మళ్ళీ మెడ, మళ్ళీ ఊపిరి.
"వచ్చే ఏడు రా నాన్నా" అన్నాడు రైలబ్బాయి.
మా షెడ్డులోనూ అంతే,
పని చెప్పేటప్పుడు ఒక కొలత,
కూలిచ్చేటప్పుడు ఇంకోటి.

వాడు ఏడవలేదు.
ఎలుగు పొట్టలో ఒక్క గుద్దు గుద్దాడు.
డొల్లగా మోగింది.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
రైలు పైనే ఆగింది, అందరూ కేకలు.
సింహం గర్జన సగంలో తెగింది.
గోడ అవతల కాలవలో
కప్పలు ఎప్పట్నుంచి అరుస్తున్నాయో!
జశ్వంత్ కింద నుంచి
రైల్లోవాళ్ళకి చెయ్యి ఊపాడు,
ఊరేగింపులో దొరలా.

చీకటిపడే వేళ నరసాపురం రేవులో
సఖినేటిపల్లి పంటు ఎక్కాం.
మోటారుసైకిళ్ళ మధ్య, కొబ్బరి బస్తాల మధ్య
పలుపుతాడుతో ఓ గేదెదూడ.
వాడు పక్కన నిలబడి కొలుచుకున్నాడు:
దూడ చెవి వాడి భుజం దాకా.
గోదారి మధ్యకొచ్చేసరికి
చెమట ఉప్పు కోసం కాబోలు, అది
గరుకు నాలిక చాపి
మణికట్టంతా నాకేసింది.
పులి పోయింది.

అప్పుడేడ్చాడు చూడండి!
రేపు బళ్ళో చూపించాలంట.
ఫోను వెలుతురులో వెతికితే
రెండు గోళ్ళు మిగిలాయి, నీలంగా.
"నా పులి నువ్వు తీసుకో" అన్నాను.
అక్కర్లేదన్నాడు.

రాత్రి నిద్రలో కూడా ఆ చెయ్యి
మంచం పట్టె దాటించి
గాలిలోనే ఉంచాడు.

నాలుగింటికి షెడ్డు వ్యాను హారను కొట్టింది.
ఐసు తొట్టిలో చేతులు పెట్టేముందు
ఎడమ చేతి గ్లవుజు మాత్రం
మోచేతి దాకా లాక్కున్నాను.