రసమట్టం

పెరట్లో కాంక్రీటు పగలగొడతానని
ఒరెస్ట్ చేతి తొడుగులు వేసుకున్న పూటే
డాఫిన్ నుంచి ఫోను.
స్టెఫ్కా అత్తకి తొంభై నిండుతున్నాయట.
జాక్‌హామర్ అద్దెకి తెచ్చి గంట కూడా కాలేదు.
దానికి దుప్పటి కప్పి గరాజ్‌లో పడుకోబెట్టి
ఐదువందల కిలోమీటర్లు తోలాడు,
మధ్యలో ఒక్కసారి ఆగి.

మా వైపు రోడ్డుకి వంగడం రాదు.
రెండు పక్కలా కోసేసిన కనోలా మోళ్లు,
ఎంతసేపు పోయినా దగ్గరకి రాని ధాన్యపు గిడ్డంగి.
నేను మాట్లాడాను. అతను ఊఁ కొట్టాడు.

అత్త కొవ్వొత్తులు ఊదడానికి
నలుగురు మునిమనవలు ఊపిరి అప్పిచ్చారు.
"ఆ ఇంగ్లీషు పిల్లకి ఇంకో రెండు వెయ్యండి" అంది.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె పిరోగీలు తింటున్నాను,
ఇంకా పిల్లనే.
తిరుగు దారంతా కారులో
సోవా, వెల్లుల్లి, మూత సరిగా పట్టని ఊరుదోసకాయల సీసా.

రెండో వారం మూస్ జా.
మా చెల్లెలు మారీన్ రమ్మనలేదు.
ఇతనే ఫోను చేసి అడిగాడు:
"మీ ఇంట్లో ఏమైనా కారుతోందా?"
ఎవరింట్లో కారదు?
కుళాయి బాగుచేశాడు, గేటు కీలుకి నూనె పెట్టాడు,
ఆమె అడ్డుపడకపోతే చిమ్నీ కూడా ఎక్కేవాడు.
పుండు ఒకచోట, మందు ఒకచోట.

మూడో వారం ఎడ్మంటన్‌లో పెళ్లి.
పెళ్లికూతురి పేరు శుభలేఖ చూసుకుంటే గాని
ఇద్దరికీ గుర్తు రాలేదు.
రాత్రి రెండింటిదాకా ఆడాడు, మోకాళ్లు బాగా లేనివాడు.

ఇక్కడ రోజుకి తొంభై డాలర్ల చొప్పున
గరాజ్‌లో నిద్రపోతోంది యంత్రం.
అద్దె కొట్టు డ్వేన్ పాపం మర్యాదస్తుడు,
"అది ఇంకా బతికే ఉందా?" అని మాత్రం అడిగాడు.

ఆ ఆదివారం కాఫీ పట్టుకుని
రబ్బరు బూట్లతో పెరట్లోకి వెళ్లాను.
కరగానా కంచె మూల ఆకులు కాలితో తోస్తే
కనిపించాయి:
ఏడు పంజాలు,
ఏడో దాని దగ్గర వెనక్కి తిరిగిన జాడ.

మామగారు డెబ్బై నాలుగులో పోసిన నేల.
తడి ఆరకముందే బోర్కా నడిచేసింది.
దాని మెడపట్టీ పట్టుకుని నిలబడాల్సిన
తొమ్మిదేళ్ల వాడు
ఆ నిమిషంలో ఎటు చూస్తున్నాడో ఎవరికీ తెలీదు.
తండ్రి తిట్టలేదట.
తాపీ పక్కన పెట్టి, తాపీగా ఒక సిగరెట్ కాల్చి,
"ఉండనీ" అన్నాడట.
పెళ్లైన కొత్తలో ఒకసారి చెప్పాడు.
నేనే మరిచిపోయాను.

ఆ నేల ఇప్పుడు ఇంటి వైపు కుంగింది.
రసమట్టం పెడితే బుడగ కంచెకేసి పారిపోతుంది,
వాన నీళ్లు మాత్రం తిన్నగా మా నేలమాళిగలోకి.
పగలగొట్టక తప్పదు. అతనికీ తెలుసు.

నేనేమీ అనలేదు.
సుద్దముక్క తెచ్చి
ఏడో పంజా చుట్టూ చతురస్రం గీశాను, వంకరగా.
అతను చాలాసేపు చూశాడు.
గీత కొంచెం అవతలికి జరపమన్నాడు,
అంచు విరుగుతుందని.

మర్నాడు వీధంతా పళ్లు కదిలిపోయేలా మోత.
పక్కింటి మిసెస్ డిక్ కంచె మీదుగా
గుమ్మడి రొట్టె అందించి, చెవులు మూసుకుని వెళ్లిపోయింది.
నాలుగు రోజులు బండెడు బండెడు రాళ్లు మోశాం.
నడుము నాదో అతనిదో తెలియకుండా
ఒకే నొప్పిని ఇద్దరం పడ్డాం.

కొత్త ఇటుకల బాటలో ఆ ఒక్క ముక్క.
ఎంత సర్దినా పక్కవాటికి ఒక వేలు పల్లమే.
రసమట్టం పెట్టి చూశాడు.
బుడగ మధ్యకి రాలేదు.
దాన్ని తుడిచి మేకుకి తగిలించేశాడు.

డ్వేన్‌కి ఎంత కట్టామో మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అక్టోబరు మొదటి మంచు.
పొద్దున్నే కిటికీలోంచి చూస్తే
పంజాలో నిలిచిన వాన నీరు గడ్డకట్టింది:
నాలుగు చిన్న బిళ్లలు, వెనక ఒక పెద్దది.
ఒరెస్ట్ మేజోళ్లతోనే బయటికి వెళ్లి
వంగి, వేలితో తట్టాడు.
తడిసిన మేజోళ్లతో లోపలికొచ్చి
కాఫీ పోసుకున్నాడు.

ఎవరికీ ఫోను చెయ్యలేదు.