ఏడు దాకా

హల్ ఊళ్ళో, నది మీంచి వచ్చే గాలి
బడి కిటికీల్ని కుదిపేస్తున్న గురువారం మధ్యాహ్నం
అగ్నీష్కా వంతెన మూడోసారి కూలింది.
కాగితం స్ట్రాలు, టేపు ముక్కలు, నలభై వాషర్లు
బల్ల కింద చెల్లాచెదురు.

జవాబు నా నోట్లోనే ఉంది
చింతపిక్కలా. కొరకను, ఉమ్మను.
"మొదట వంగింది ఎక్కడ?" అన్నాను. అంతే.

ఆపైన మనసులో లెక్క, తెలుగులో.
ఒకటి, రెండు, మూడు...
నాలుగు దగ్గర డెస్మండ్ అందుకున్నాడు
"ఇంకా టేపు వేద్దాం మిస్!"
"వేస్తే ఏమవుతుంది?"
బరువెక్కుద్ది, అని వాడే గొణుక్కుని
చేతికంటిన టేపు పీక్కుంటున్నాడు.
ఐదు. ఆరు.

ఆ పిల్ల మాట్లాడలేదు.
మిగిలిన ఒక్క చతురస్రాన్నీ
రెండు వేళ్ళతో పక్కకి నొక్కింది. వాలిపోయింది.
ఇంకో స్ట్రా తీసి, ఐమూలగా పెట్టి
మళ్ళీ నొక్కింది.
మళ్ళీ.

"ఇది మీకు ముందే తెలుసు కదా?"
కళ్ళలో కోపం, బుగ్గ మీద జిగురు.
తెలుసన్నాను.
"మరి చెప్పలేదేం?"

ఈసారి ఎదురుచూసే వంతు తనది.
నాకు ఒకట్లు కూడా
గుర్తురాలేదు.