కుడి పక్క రేకు

బోరబండ మూడో అంతస్తులో
మా అందరికీ కలిపి ఉన్న ఆస్తి ఒక్కటే.
మూతపడ్డ ఒక పర్మిట్ రూము నుంచి
ఎర్రగడ్డ ఆదివారం సంత మీదుగా
రెండు వేల రెండొందలకు ఇల్లెక్కిన
బీరు ఫ్రిజ్జు.

ఎక్కింది అనడం తేలిక.
ఆ మెట్ల తర్వాత ఇలియాస్ నడుము
మూడు వారాలు అతని మాట వినలేదు.

నడుమెత్తు ఉంటుంది. అద్దం తలుపు.
తలుపు మీద ఒకప్పటి బంగారు నురగ
ఎండకు పాలిపోయి గంజిలా తేలింది.
కాళ్లు మూడు.
నాలుగో కాలు దయాకర్ డిగ్రీ స్టాటిస్టిక్స్ పుస్తకం,
ఒక్కసారీ తెరవనిది,
అందుకే గట్టిగా ఉంది.

దాని మీదే ఇస్త్రీ, దాని మీదే కరెంటు బిల్లులు,
దాని మీదే మొన్నటి బిర్యానీ డబ్బా.
మాకేం తప్పు కనపడలేదు,
నాలుగో మంచం ఖాళీ అయ్యేదాకా.

చూడ్డానికి వచ్చిన ముగ్గురూ
గాలి బాగుందన్నారు, నీళ్లొస్తాయా అన్నారు,
హాల్లోకొచ్చి దాన్ని చూసి
"ఆలోచించి చెప్తమన్నా" అన్నారు.
అద్దె ఎవరి ఆలోచన కోసమూ ఆగదు.

ఆదివారం.
ఎనభై నంబరు గరుకు కాగితం,
ఒక డబ్బా రెడ్ ఆక్సైడ్,
కింద బ్యూటీ పార్లర్ స్వరూపక్కను అడిగి తెచ్చిన
జుట్టు ఆరబెట్టే మిషను.
వేడి తగలగానే స్టిక్కరు
వానకు తడిసిన పోస్టరులా ఊడింది.
జిగురుకు కొబ్బరి నూనె.
ఆ వారం నా తలకు ఏమీ మిగల్లేదు.

రంగు దగ్గర గొడవ.
నలుపు అన్నాడు దయాకర్.
నల్లగా ఉంటే రాత్రి తగిలి పడతానన్నాను.
తెలుపు అంటే ఆస్పత్రి అన్నాడు ఇలియాస్.
చివరికి వాచ్‌మన్ సాయిలు ఇచ్చిందే రంగు:
గేటుకు వేయగా మిగిలిన నీలం.

ఎడమ పక్క అయింది. పైభాగం అయింది.
కుడి పక్క స్టిక్కరు కింద
రేకు మీద మార్కరు రాత.

సత్తెన్న రెండు. కొట్టేశారు.
ఆటో మొగులయ్య ఒకటి, పల్లీలు. కొట్టేశారు.
లైన్‌మన్ సారు నాలుగు. రెండుసార్లు కొట్టేశారు.
సెక్యూరిటీ ఆశన్న మూడు,
జీతం పడంగనే.

దాని మీద గీత లేదు.

బ్రష్షు నుంచి నీలం
నా పాదం మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.
"ఇచ్చే ఉంటడు, కొట్టెయ్య మరిచిండ్రు" అన్నాడు ఇలియాస్.
"ఆ జీతం పడిందో లేదో" అన్నాడు దయాకర్.
ఆశన్న మూడు సీసాలకే పర్మిట్ రూము మూతపడిందేమో అన్నాను,
ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఎవరూ వద్దనలేదు గానీ
ఆ పక్క ఎవరూ రంగెయ్యలేదు.
ముగ్గురం కలిసి దాన్ని గోడ వైపు తిప్పాం.

మిషను కోసం వచ్చిన స్వరూపక్క
గుమ్మంలోనే ఆగి చూసింది.
"ఏందిది, కొత్త బీరువానా?"
బీరుకు ఒక 'వా' తోడయ్యేసరికి
ఎంత మర్యాద!

రాత్రి మాత్రం పాత గొంతే.
ఒంటిగంటకు దగ్గుతుంది, వణుకుతుంది,
ఏదో చెప్పబోయి మానేసిన మనిషిలా
ఆగిపోతుంది.
చప్పుడుకు పూసే రంగు
రాణిగంజ్‌లో కూడా దొరకదు.

బుధవారం సాయంత్రం గద్వాల నుంచి పరశురాం,
భుజాన ఒకే సంచి.
గాలి బాగుందన్నాడు, నీళ్లొస్తాయా అన్నాడు.
నీలి తలుపు తెరిచి చూశాడు:
పెరుగు ప్యాకెట్లు, పచ్చిమిరపకాయలు,
ఇలియాస్ వాళ్లమ్మ పంపిన ఖుబానీ డబ్బా.
చాలాసేపు నసిగి,
గొంతు తగ్గించి అడిగాడు:
"అన్నా, ఏమనుకోకుండ్రి.
దీంట్ల ఎప్పుడన్న
ఒక బీరు వెట్టుకోవచ్చా?"

దయాకర్ వంటింట్లోకి పరుగెత్తి నవ్వుకున్నాడు.

సంచి మంచం మీద పెట్టేశాక
అడ్వాన్సు మాట వచ్చింది.
పరశురాం చెప్పు బొటనవేలితో
గచ్చు మీద ఎండిన నీలం చుక్కను గీకుతూ
"జీతం పడంగనే ఇస్తన్నా" అన్నాడు.

ఇలియాస్ గోడ వైపు చూశాడు.
సరే అన్నాడు.
ఎక్కడా రాసుకోలేదు.